కడుపుతో ఉంటేనేనా మాకు తిండి?

ఎడిటర్ గారికి నమస్కారం.

రక్తహీనత మీద మీరు వేసిన పేజీ చదివాను. దానిమ్మ, ఖర్జూరం, బీట్‌రూట్ తినమన్నారు. మాది మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా కిన్వట్ తాలూకా, సరిహద్దు దాటితే తెలంగాణలోని ఆదిలాబాద్. ఇక్కడ పత్తి ఏరే ఆడమనిషి దానిమ్మ కొన్నా అది పిల్లల చేతికే పోతుంది, ఆమె నోటిదాకా రాదు.

పత్తి ఏరే రోజుల్లో మావాళ్ళు పొద్దున ఉత్త చాయ్ తాగి, డబ్బాలో ఇంత అన్నం, కారం పెట్టుకుని పోతారు. కిలోల లెక్కన కూలి, తినడానికి కూర్చుంటే ఆ మేరకు నష్టమే. రాత్రి అందరికీ పెట్టాక గిన్నె అడుగున మిగిలిన పప్పునీళ్ళే ఆమె వంతు. మా అమ్మ కాలంలోనూ ఆడది చివరనే తినేది, కాదనను, కానీ అప్పుడు జొన్నచేలోనే కంది, పెసర, బొబ్బర్లు ఉండేవి, కలుపు తీస్తూ గునుగు కూర, తుమ్మి కూర కొంగులో వేసుకొచ్చి వండేవాళ్ళు. ఇప్పుడు పత్తి, సోయా, వాటి మీద గడ్డిమందు. కూర ఎక్కడిది?

జొన్న వేసుకోవచ్చు కదా అంటారు. వేశాం. ఊరంతా పత్తి ఉంటే మా రెండెకరాల జొన్న మీదే ఊరి పిట్టలన్నీ వాలాయి, మంచె మీద కూర్చుని డబ్బా కొట్టే మనిషి దొరకలేదు. పైగా చేను నుంచి వచ్చి పది రొట్టెలు తట్టే ఓపిక ఎవరికుంది? రేషన్ బియ్యం కుక్కర్లో పడేస్తే అయిపోతుంది, నేనూ అదే చేస్తాను. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం వంద గ్రాముల పాలిష్ బియ్యంలో ఐరన్ 0.65 మిల్లీగ్రాములే, జొన్నలో దాదాపు 4.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తం తక్కువున్నవాళ్ళు మహారాష్ట్రలో 54.2 శాతం, తెలంగాణలో 57.6. అంటే సరిహద్దుకు ఇటైనా అటైనా సగం మందికి పైనే. మరి తిండి ఎవరికి? అవతల తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి పథకం కింద గుడ్డు, పాలు, భోజనం ఇస్తారు, ఇవతల మహారాష్ట్ర ఆదివాసీ ప్రాంతాల్లో అలాంటిదే అమృత్ ఆహార్ పథకం ఉంది. మంచివే. కానీ గర్భిణికీ బాలింతకే, అదీ బిడ్డకు ఆరు నెలలు వచ్చేదాకే. నాకు 43 ఏళ్ళు. క్యాంపులో రక్తం చూస్తే హిమోగ్లోబిన్ 8.6 వచ్చింది, 12 ఉండాలట. పిల్లలెంతమంది, ఆపరేషన్ అయిందా అని అడిగారు, రాత్రి ఏం తిన్నావని ఒక్కరూ అడగలేదు. మాత్రలు చేతిలో పెట్టి పంపారు.

2013 ఆహార భద్రతా చట్టంలో బియ్యం, గోధుమలతో పాటు జొన్నలాంటి ముతక ధాన్యాలూ రాసి ఉన్నాయి, అవి కిలో రూపాయికి. ఇప్పుడు రేషన్ ఉచితమే అయింది కదా, మరి ఆ ఉచితంలో నెలనెలా జొన్నలు, దాంతోపాటు కందిపప్పు ఇవ్వడానికి అడ్డేంటి? మా దగ్గర కొని మాకే ఇస్తే ఊళ్ళో నలుగురు జొన్న వేస్తారు, పిట్టలు కూడా నలుగురి చేలనూ పంచుకుంటాయి. రొట్టెలు తట్టే పని మాత్రం ఇంట్లో మగవాళ్ళూ నేర్చుకోవాలి, దానికి ప్రభుత్వం అక్కర్లేదు.

ఇంకో మాట. ఈసారి పేజీ వేసినప్పుడు చాయ్ సంగతి పెద్ద అక్షరాల్లో వేయండి. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే ఐరన్ సరిగా ఒంటబట్టదు. మా వాడలో ఐరన్ మాత్రను చాయ్‌తోనే మింగుతున్నారు, మొన్నటిదాకా నేనూ అంతే.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కిన్వట్ తాలూకా