సూరిగాడికి, నర్సాపురం రేవు నుంచి

ఒరేయ్ సూరిగా,

ఎలా ఉన్నావ్రా? నెల్లాళ్ళైంది నీకు రాసి, తిట్టుకునే ఉంటావ్. ఇదిగో నర్సాపురం రేవులో కూర్చుని రాస్తన్నా, గోదావరి దాటించే పంటు అవతల సఖినేటిపల్లి వైపు ఉండిపోయింది, అది వచ్చేలోపు అయిపోద్దేమో చూద్దాం. సంగతేంటంటే షార్జాలో ఉద్యోగం దాదాపు ఖాయమైందిరా. సీబీఎస్ఈ స్కూలు, ఫిజిక్స్, తొమ్మిది నుంచి పన్నెండు దాకా.

డెమో జూమ్‌లో పెట్టారు, తేలే వస్తువుల గురించి చెప్పమన్నారు. రాత్రంతా కూర్చుని స్లైడ్లు చేసుకున్నానా, తీరా టైముకి అవి ఓపెన్ అవ్వలేదు. ఇంకేం చేస్తాం, రోజూ ఎక్కే పంటునే పాఠం చేసేశా. లారీ ఎక్కగానే పంటు కాస్త దిగుద్ది కదా, ఎంత దిగి ఆగుద్ది, ఎందుకు అక్కడే ఆగుద్ది, కొత్తగా పక్కకి తోసిన నీళ్ళ బరువు సరిగ్గా లారీ బరువంతే ఉంటదని తెల్లకాయితం మీద గీసి చూపించా. ప్రిన్సిపల్ మలయాళీ ఆవిడ, మా ఊళ్ళోనూ ఉందండీ, జంకార్ అంటాం అని మొదలెట్టింది. ఆర్కిమెడిస్ పక్కకెళ్ళిపోయాడు, ఇద్దరం రేవుల గురించే మాట్లాడుకున్నాం.

జీతం దగ్గరే కాస్త పేచీ వచ్చింది. 3,500 దిర్హాలు అన్నారు. అక్కడ ఫ్యామిలీ వీసా కావాలంటే జీతం 4,000 ఉండాలి, లేదా 3,000తో పాటు రూము వాళ్ళే ఇవ్వాలి. రూము నోటిమాటగా కాదు, కాంట్రాక్టులో రాయండి అన్నా. రాశారు. పాపకి ఫీజు సగం తగ్గిస్తారంట, అదీ రాయించా.

అన్నట్టు అంతకుముందు ఒక ఏజెంటు లక్షన్నర అడిగాడని చెప్పానా? లైసెన్సున్న ఏజెంట్ల పేర్లుండే గవర్నమెంటు ఈ-మైగ్రేట్ సైట్లో వెతికితే వాడి పేరే లేదు. లైసెన్సు ఉన్నోడైనా 30,000, పైన జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదు. మీ పక్కవీధి కుర్రాడు వెళ్తానంటున్నాడు కదా, వాడికి చెప్పు. ఇప్పుడు సర్టిఫికెట్ల తిరుగుడు నడుస్తంది. డిగ్రీకి, బీఎడ్‌కి ముందు స్టేట్ వాళ్ళ స్టాంపు, తర్వాత ఢిల్లీ విదేశాంగ శాఖది, ఆ తర్వాత యూఏఈ ఎంబసీది. ఒమన్ అయితే ఎంబసీ దాకా వెళ్ళక్కర్లేదు, ఢిల్లీ వాళ్ళేసే అపోస్టిల్ అనే స్టాంపుతో సరిపోయేది. పైగా నా బీఎడ్‌లో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనక, దానికో అఫిడవిట్టు.

అసలు నాకు నిద్ర పట్టనిది ఇవేం కాదురా, పాప చదువు. ఇప్పుడు నాలుగు, ఏప్రిల్లో అక్కడ ఐదులో చేరుద్ది. మన ఈఏపీసెట్లో, అదే పాత ఎంసెట్లో, 85 శాతం సీట్లు లోకల్ వాళ్ళవే కదా, లోకల్ అనాలంటే ఇంటర్‌తో కలిపి చివరి నాలుగేళ్ళు వరసగా ఇక్కడే చదవాలి. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు. వెనక్కి లెక్కేస్తే నాకు దొరికేది ఐదు నుంచి ఎనిమిది దాకా, నాలుగేళ్ళు. గల్ఫ్‌లో పనిచేసేవాళ్ళ పిల్లలకి ఎన్‌ఐటీల్లో వేరే సీట్లున్నాయి, దానికి మళ్ళీ పదకొండు, పన్నెండు అక్కడే చదవాలి. రెండు పడవల మీద కాళ్ళు పెట్టలేం కదా. ఇదంతా చెప్తే మీ చెల్లెలు నవ్వుతుంది, ఎక్కాలు రాని పిల్లకి ఎంసెట్టేంటండీ, రేపు అది డాన్సరవుతానంటే ఏం చేస్తారు అని. నిజమే. అయినా నాలుగేళ్ళకే వెళ్తన్నాం అని ఇంట్లో తేల్చి చెప్పేశా. లేకపోతే మనోళ్ళ సంగతి తెలుసుగా, రెండేళ్ళకని వెళ్ళినోళ్ళు ఇరవై ఏళ్ళకి వచ్చి కట్టిన మేడకి తాళం తీస్తారు.

నాన్న రానన్నాడు. కొబ్బరి దింపులప్పుడు ఓసారెళ్ళి పక్కన నించోరా, కాయ లెక్క ఆయనకి తెలుస్తుందిలే గానీ మనిషి తోడుంటే బాగుంటది.

ఇంకోటి. ఆ స్కూల్లో అరబ్బీ తప్పనిసరి, తెలుగు లేదు. నాలుగేళ్ళు తెలుగు ముట్టకుండా వచ్చి తొమ్మిదిలో కూర్చుంటే పాప పద్యం ఏం చదువుద్ది? మీ ఇంట్లో చెల్లెమ్మ స్కూల్లో పాతవైనా పర్లేదు, ఐదు నుంచి ఎనిమిది దాకా తెలుగు పుస్తకాలు దొరుకుతాయేమో అడుగు. నాలుగూ కలిపి రెండు కేజీలుండవు, లగేజీలో పట్టేస్తాయి.

పంటు వచ్చేసింది, ట్రాక్టరోడు హారన్ కొట్టేస్తన్నాడు. ఉంటా.

నీ బుజ్జిగాడు