ప్రశ్నలు అడగడమే పాఠం అయిపోయింది

సంపాదకులకు నమస్కారం.

"పిల్లలు గడగడా చదివేస్తారు, ఏం చదివావురా అంటే నోరు విప్పరు." స్టాఫ్ రూముల్లో రోజూ వినే మాటే ఇది, నేనూ చాలా ఏళ్లు అన్నాను. కానీ అర్థం చేసుకోవడం ఎలాగో మనం ఎప్పుడైనా చెప్పామా? పాఠం చదివించి, చివర ఉన్న ప్రశ్నలు అడిగి, జవాబులు బోర్డు మీద రాసేస్తాం. దాన్ని పరీక్ష అంటారు. అమెరికాలో డొలొరెస్ డర్కిన్ అనే పరిశోధకురాలు 1970ల్లో నాలుగో తరగతి క్లాసుల్లో కూర్చుని గమనిస్తే, 4,469 నిమిషాల రీడింగ్ క్లాసుల్లో అర్థం చేసుకోవడం నేర్పింది 20 నిమిషాలట! ఇప్పుడు లెక్కేసినా పెద్ద తేడా ఉండదనే నా అనుమానం.

ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష ఉన్న పిల్లలకి ఈ దెబ్బ గట్టిగా తగులుతుంది. ఆటల్లో పిల్ల చకచకా మాట్లాడుతోంది కదా, భాష వచ్చేసిందిలే అనుకుంటాం. మాట్లాడే భాష రెండేళ్లలో పట్టుబడినా పుస్తకాల భాషకి అయిదేళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుందని రెండు భాషల పిల్లల చదువు మీద పరిశోధన చేసిన జిమ్ కమిన్స్ ఎప్పుడో చెప్పారు. "ఫలితంగా", "అయినప్పటికీ" లాంటి మాటల దగ్గరే పిల్ల ఆగిపోతుంది, మనమేమో పెద్ద పెద్ద పదాలకి అర్థాలు రాయిస్తూ కూర్చుంటాం.

ఇంకో సంగతి. 1988లో అమెరికాలో పరిశోధకులు పిల్లలకి బేస్‌బాల్ గురించిన పాఠం ఇచ్చి చూస్తే, ఆ ఆట తెలిసిన, చదవడంలో 'వెనకబడిన' పిల్లలు, తెలియని 'తెలివైన' పిల్లల కంటే బాగా గుర్తుపెట్టుకున్నారు. అంటే మనం మొద్దు అని ముద్ర వేసిన పిల్లాడికి చాలాసార్లు తెలియనిది చదవడం కాదు, ఆ పాఠంలోని ప్రపంచం. కాబట్టి చదివించే ముందు పది నిమిషాలు ఆ విషయం గురించి ఊరికే మాట్లాడించండి, వాళ్ల ఇంటి భాషలో అయినా ఫరవాలేదు. తర్వాత నలుగురేసి కూర్చుని, ఒక్కో పేరాకి ఒకరు టీచరై ప్రశ్న అడగడం, తెలియని మాట తేల్చుకోవడం, క్లుప్తంగా చెప్పడం, ముందేం జరుగుతుందో ఊహించడం. 1984 నుంచీ ఉన్న పద్ధతే. గోల అవుతుంది, నా క్లాసులో మొదటి వారం పక్క టీచరు వచ్చి తలుపు మూసి వెళ్లారు కూడా.

అక్షరాలే కూడబలుక్కునే పిల్లలకి మాత్రం ముందు ఆ సాయమే కావాలి, అది వేరే సమస్య.

తనిఖీకి వచ్చేవాళ్లు నోటుబుక్కులు నిండాయో లేదో చూడటం ఆపి, ఒక్క పిల్లని పిలిచి "ఈ పేరా నీ మాటల్లో చెప్పమ్మా" అని అడిగి చూడమనండి.

— ఒక భాషోపాధ్యాయురాలు