మా బస్తీ బడికి నెలనెలా తోడు నిలిచిన వారికి కృతజ్ఞతలు

హైదరాబాద్‌లోని మా ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు గత విద్యాసంవత్సరమంతా అండగా నిలిచిన పూర్వ విద్యార్థులకు, పక్క వీధి అపార్ట్‌మెంట్ సంక్షేమ సంఘానికి, బస్తీలోని దుకాణదారులకు, బడి పనులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలోని తల్లులకు ప్రధానోపాధ్యాయురాలిగా, ఉపాధ్యాయులందరి తరఫున మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను. రెండో స్కావెంజర్‌కు (పారిశుద్ధ్య కార్మికుడికి), రాత్రి కాపలాదారుకు నెలనెలా జీతం, పై తరగతుల మగపిల్లలకు బస్సు పాసులు, పదో తరగతి వారికి సాయంత్రం ప్రత్యేక తరగతుల వేళ గుడాలు (ఉడికించిన గింజలు), అరటిపండ్లు మీరు సమకూర్చారు. గది కట్టిస్తే గోడ మీద దాత పేరు ఉంటుంది. ఇలాంటి ఖర్చులకు ఆ గుర్తింపు కూడా దక్కదని తెలిసీ మీరు ముందుకు వచ్చారు కనుక, మీ డబ్బు ఏం చేసిందో వివరంగా చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

ప్రభుత్వ బడుల్లో ఏ మార్పూ రాలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 2022 మార్చిలో వనపర్తిలో ప్రారంభమైన ‘మన ఊరు – మన బడి’ కార్యక్రమం పట్టణాల్లో ‘మన బస్తీ – మన బడి’గా అమలుకు వచ్చింది, రాష్ట్రంలోని 26,065 బడులను 7,289 కోట్ల రూపాయల అంచనాతో మూడు విడతల్లో బాగుచేయాలన్నది దాని లక్ష్యం. 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లిషు మీడియం, దానితోపాటు రెండు భాషల్లో పాఠ్యపుస్తకాలు వచ్చాక, ఇంగ్లిషు చదువు కోసమే అప్పు చేసి ప్రైవేటు ఫీజులు కడుతున్న తల్లిదండ్రులు కొందరు మా గేటు లోపలికి వచ్చి మాట్లాడడం మొదలుపెట్టారు. 2024లో మహిళా సంఘాల సారథ్యంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పడ్డాయి. అదే ఏడాది ప్రభుత్వ విద్యాసంస్థలకు ఉచిత విద్యుత్తు ప్రకటించారు, 11,062 ఉపాధ్యాయ పోస్టులకు నిర్వహించిన డీఎస్సీ నియామకాలూ జరిగాయి. చాక్‌పీసులకు వచ్చిన డబ్బులోంచి కరెంటు బిల్లు కట్టిన ఏ ప్రధానోపాధ్యాయుడిని అడిగినా ఆ ఉచిత విద్యుత్తు విలువ చెబుతారు.

అయితే బడిని బాగుచేయడానికి వచ్చే నిధులు వేరు, బాగుపడిన బడిని రోజూ నడపడానికి కావలసిన నిధులు వేరు. మాలాగా 250 మందికి పైగా, వెయ్యి లోపు పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష పథకం కింద ఏడాదికి 75,000 రూపాయల గ్రాంటు ఉంది; రిజిస్టర్లు, ప్రయోగశాల సామగ్రి, చిన్నచిన్న మరమ్మతులు అన్నీ దానిలోనే సర్దాలి. 2024 ఆగస్టులో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం 251 నుంచి 500 మంది పిల్లలున్న బడికి పారిశుద్ధ్యం కోసం నెలకు 12,000 రూపాయలు, ఏడాదిలో పది నెలలు కేటాయించారు. అది నిజంగా మేలే. కానీ ఒక మనిషి జీతం, ఫినాయిల్, చీపుర్లు, మొక్కలకు నీళ్లు అన్నీ కలిస్తే ఆ మొత్తం అక్కడికక్కడే సరిపోతుంది. నాలుగు వందల మందికి పైగా పిల్లలు వాడే మరుగుదొడ్లను విరామం తర్వాత మళ్లీ కడగడానికి ఇంకో మనిషి కావాలి.

ఈ విషయం మీద ఎక్కువ రాస్తున్నందుకు విసుక్కోవద్దని కోరుతున్నాను, ఎందుకంటే మా బడిలో ఆడపిల్లల చదువు చాలావరకు ఈ మరుగుదొడ్ల దగ్గరే ఆగుతూ వచ్చింది. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల అమ్మాయిలు ఉదయం నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా కూర్చునేవారు, తాగితే మరుగుదొడ్డికి వెళ్లాల్సి వస్తుందని. నెలకు కొన్ని రోజులు బడికే రాని వారు ఉండేవారు, కారణం అడిగితే తలనొప్పి అనేవారు. మీ సాయంతో రెండో స్కావెంజర్ వచ్చాక మధ్యాహ్నం భోజనం తర్వాత కూడా మరుగుదొడ్లు శుభ్రంగా ఉంటున్నాయి, అమ్మాయిలు సీసాలు నింపుకొని తరగతికి వస్తున్నారు, ఆ తలనొప్పి సెలవులు బాగా తగ్గాయి. ఇద్దరు కార్మికులకూ జీతం నెల తప్పకుండా అందుతోంది. వారి శ్రమకు మా అందరి నమస్కారాలు.

బస్సు పాసుల సంగతి ఇంకొకటి. అద్దెలు పెరిగి కుటుంబాలు నగరం అంచులకు మారుతున్నప్పుడు, 2023 డిసెంబరులో మొదలైన మహాలక్ష్మి పథకం వల్ల ఆడపిల్లలు ఆర్టీసీ బస్సులో ఉచితంగా పాత బడికే రాగలుగుతున్నారు. వారి అన్నదమ్ములకు ఆ వెసులుబాటు లేదు. టీసీ తీసుకెళ్లిన అబ్బాయి కొత్త చోట చేరాడో లేదో తెలియని సందర్భాలు మాకు ఉన్నాయి. ఒక పాసు ధరకు ఒక పిల్లవాడిని పదో తరగతి దాకా నిలబెట్టుకోవచ్చని గుర్తించి చొరవ చూపిన పూర్వ విద్యార్థుల బృందానికి ప్రత్యేక ధన్యవాదాలు.

బిహార్, ఒడిశాల నుంచి భవన నిర్మాణ పనులకు వచ్చే కుటుంబాల పిల్లలు ఏడాది మధ్యలో చేరుతుంటారు. విద్యాహక్కు చట్టం ప్రకారం టీసీ ఆలస్యమైందని వారిని తిప్పి పంపకూడదు, మేము పంపము కూడా. కానీ బడి తెరవకముందు ఇచ్చిన లెక్క ప్రకారం వచ్చిన పుస్తకాలు, యూనిఫారాలు వారికి చాలవు. ఆ లోటును దుకాణదారులు పూడ్చారు.

ఇవన్నీ ప్రభుత్వమే భరించాల్సిన ఖర్చులని నేను గట్టిగా నమ్ముతాను. జాతీయాదాయంలో 6 శాతం విద్యకు కేటాయించాలని కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది, 2020 జాతీయ విద్యావిధానం స్థూల దేశీయోత్పత్తిలో 6 శాతమని మళ్లీ చెప్పింది. మన రాష్ట్రం 2025-26లో 3,04,965 కోట్ల బడ్జెట్‌లో విద్యకు 23,108 కోట్లు కేటాయించింది. ఈ పద్దులో సింహభాగం జీతాలకే పోతుంది. రెండో పారిశుద్ధ్య కార్మికుడి పోస్టు, కాపలాదారు పోస్టు బడికి హక్కుగా రావాలని కమిటీ తరఫున వినతిపత్రం ఇచ్చాము. అది మంజూరైన రోజున మీ నెలవారీ సాయాన్ని సైన్స్ ప్రయోగశాలకు మళ్లించడానికి అనుమతి కోరతాము.

ఆ విద్యాసంవత్సరంలో వచ్చిన ప్రతి రూపాయికి, పెట్టిన ఖర్చుకు రసీదులు, కమిటీ తీర్మానాలు బడి కార్యాలయంలో ఉన్నాయి. పనిదినాల్లో ఎప్పుడు వచ్చినా చూపిస్తాము. దాతలందరికీ, చేయగలిగినంత చేసి పేరు చెప్పవద్దన్న వారికీ మరోసారి కృతజ్ఞతలు.