నోటుపుస్తకంలో గుర్తులు, ఫోన్‌లో పిన్ నంబరు: తల్లిదండ్రులకు ఉత్తరం

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

వారం రోజులుగా మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ఫొటో నేనూ చూశాను. ఏడో తరగతి లెక్కల నోటు చివరి పేజీ. ఎర్ర పెన్నుతో నిలువు గీతలు, వాటికి కొమ్మల్లాగా ఏటవాలు గీతలు. కింద ఎవరో "పిల్లలకు క్షుద్రపూజలు నేర్పుతున్నారు, జాగ్రత్త" అని రాసి పంపారు. మర్నాడు పొద్దున ప్రార్థన అయ్యేలోపే ఆఫీసుకు పది ఫోన్లు వచ్చాయి. ఇద్దరు తమ పిల్లల్ని రెండు రోజులు బడికే పంపలేదు. అందుకే ఈసారి వార్తాలేఖ ఆ సంగతితోనే మొదలుపెడుతున్నాను.

అవి క్షుద్ర గుర్తులు కావు, అక్షరాలు. వాటిని రూన్లు అంటారు. నార్వే, స్వీడన్, డెన్మార్క్ వైపు వాళ్ళు పూర్వం చెక్క మీద, రాతి మీద చెక్కుకున్న లిపి అది. పాత వరుసలో 24 అక్షరాలుంటాయి. మనం ఓనమాలు అన్నట్టే, మొదటి ఆరక్షరాలు కలిపి ఆ లిపికి ఫుథార్క్ అని పేరు. మీ ఫోన్‌లో బ్లూటూత్ గుర్తు ఒకసారి చూడండి. పదో శతాబ్దంలో డెన్మార్క్‌ను ఏలిన హరాల్డ్ బ్లూటూత్ అనే రాజు పేరులోని రెండు మొదటి అక్షరాలను రూన్లలో రాసి, ఒకదాని మీద ఒకటి పెడితే వచ్చిన గుర్తు అది. మనందరి జేబుల్లో ఎప్పటినుంచో ఉంది.

పిల్లలకు ఇవి ఒక మొబైల్ ఆట నుంచి వచ్చాయి. దాని పేరు ఇక్కడ రాయను, రాస్తే ఆడని పిల్లలు కూడా వెతుక్కుంటారు. ఉత్తర దేశాల పాత దేవతల కథల మీద అల్లిన ఆట. ఎడమ బొటనవేలితో వీరుణ్ణి నడిపిస్తారు, కుడి బొటనవేలితో కత్తి దూస్తారు. మంచు రాక్షసుల్ని కొడుతూ లెవెల్ పెంచుకుంటారు. డౌన్‌లోడ్ ఉచితం. కానీ గట్టి కత్తి, మంచి కవచం కావాలంటే పెట్టెలు తెరవాలి, పెట్టె తెరవాలంటే డైమండ్లు కావాలి, డైమండ్లకు మాత్రం నిజం డబ్బు కట్టాలి. పెట్టెలో ఏముందో తెరిచేదాకా తెలియదు.

గ్రూపులో ఎవరూ మాట్లాడని అసలు సంగతి ఇక్కడే ఉంది. నోటులో ఆ బొమ్మలు గీసిన బాబు వాళ్ళమ్మ ఫోన్ నుంచి 9 రోజుల్లో 19 సార్లు డబ్బు కట్టాడు. మొత్తం 11,640 రూపాయలు. ఆమె కర్రీ పాయింట్ నడుపుతారు. ఉల్లిపాయల వ్యాపారికి డబ్బు పంపబోతే ఖాతాలో లేదు. అప్పుడు తెలిసింది. ఆమె నా గదిలో కూర్చుని ఫోన్‌లో ఒక్కొక్క మెసేజీ పైకి జరిపి చూపిస్తుంటే, 89 రూపాయలు, మళ్ళీ 89, తర్వాత 449, నాకు మాట రాలేదు. "మిగతావాళ్ళకు ఇలా జరగకూడదు, రాయండి మేడం" అని ఆమే చెప్పారు కాబట్టి రాస్తున్నాను. దయచేసి అది ఎవరి ఇల్లా అని వెతకొద్దు.

బాబుకు పిన్ ఎలా తెలుసు? వాళ్ళమ్మే చెప్పారు. గ్యాస్ బుక్ చెయ్యరా, కరెంటు బిల్లు కట్టరా, రీచార్జి చెయ్యరా. ఇది ఒక్క ఇంటి మాట కాదు. పోయిన సోమవారం ఆరు నుంచి పదో తరగతి వరకు అడిగాం, ఇంట్లో ఎవరిదో ఒకరి యూపీఐ పిన్ తెలిసినవాళ్ళు చెయ్యెత్తండి అని. సగానికి పైగా చేతులు లేచాయి. మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను, బీరువా తాళం చెవి పన్నెండేళ్ళ పిల్లాడి చేతికిచ్చి మనం నిద్రపోతామా? ఈ రోజే పిన్ మార్చండి. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ వెరిఫికేషన్ అడిగే సెట్టింగ్ ఉంది, అది ఆన్ చేయండి. పిల్లలు పొరపాటున కొన్నారని తెలిస్తే వెంటనే రీఫండ్ అడగండి. మొదటి 48 గంటల్లో అడగడం తేలిక, ఆలస్యమైన కొద్దీ కష్టం.

"ప్రభుత్వం ఆన్‌లైన్ ఆటలు బ్యాన్ చేసింది కదా మేడం" అని కొందరు అడిగారు. 2025 ఆగస్టులో వచ్చిన చట్టం డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే ఆటల మీద. ఇక్కడ పిల్లాడు గెలుచుకునేది ఫోన్‌లో ఒక కత్తి బొమ్మ. ఇలాంటి పెట్టెల్ని బెల్జియం 2018లోనే జూదం కింద లెక్కగట్టింది. దక్షిణ కొరియాలో 2024 మార్చి నుంచి పెట్టెలో ఏ వస్తువు వచ్చే అవకాశం ఎంత శాతమో ఆట కంపెనీలు తప్పనిసరిగా చెప్పాలి. మన ఇంట్లో మాత్రం ప్రస్తుతానికి మనమే కాపలా.

ఆ శాతం సంగతి మన తొమ్మిదో తరగతి పిల్లలు ఎలా తేల్చారో చెప్పకుండా ఉండలేను. లెక్కల టీచర్ ఒక స్టీలు డబ్బాలో 100 చింతపిక్కలు పోశారు. ఒకదానికి మాత్రం ఎర్ర నెయిల్ పాలిష్. అదే గొప్ప కత్తి. ఒక్కొక్కరు కళ్ళు మూసుకుని 100 సార్లు తీయాలి, తీసింది మళ్ళీ వేసి డబ్బా కుదపాలి. నూటికి ఒకటి కదా, వందసార్లు తీస్తే ఒక్కసారైనా వస్తుందని అందరూ అనుకున్నారు. రెండు రోజులు పట్టింది. 30 మందిలో 12 మందికి ఎర్ర పిక్క అసలు చేతికే రాలేదు. వెనక బెంచీలో కూర్చునే అమ్మాయి బోర్డు దగ్గరికి వెళ్ళి 0.99ని వందసార్లు హెచ్చించి, సుమారు 37 శాతం మందికి రాకపోవడమే మామూలు అని రాసి చూపించింది. పోయిన ఏడాది లెక్కలంటే టెన్షన్ పడి ఏడ్చిన పిల్ల! ఆ సుద్దముక్క రాతను రెండు రోజులు తుడవనివ్వలేదు నేను.

ఆటను పక్కన పెట్టండి, ఆ కథల్ని మాత్రం పిల్లలకు దూరం చేయొద్దని చేతులెత్తి అడుగుతున్నాను. అవి గొప్ప కథలు. ఐస్‌లాండ్‌లో స్నోరీ స్టుర్లుసన్ అనే పండితుడు 1220 ప్రాంతంలో వాటిని ఎడ్డా అనే పుస్తకంగా రాసిపెట్టాడు. మన తిక్కనగారు భారతం తెనిగించిందీ ఆ శతాబ్దంలోనే. ఓడిన్ అనే దేవుడు జ్ఞానం కోసం ఒక కన్ను ఇచ్చేస్తాడు. రూన్ల రహస్యం తెలియడానికి తొమ్మిది రాత్రులు చెట్టుకు వేలాడతాడు. ఆటలో ఆయన చేతిలో ఈటె ఒక్కటే కనిపిస్తుంది, ఆ ఆకలి కనిపించదు. అది పుస్తకంలోనే దొరుకుతుంది. అందుకే మన లైబ్రరీ టీచర్ ఇంగ్లీషు పుస్తకం ముందు పెట్టుకుని వారం రోజులు తెలుగులో కథ చెప్పారు. ఫెన్రిర్ అనే తోడేలును కట్టడానికి పట్టుదారం లాంటి తాడు పేనుతారు. పిల్లి అడుగుల చప్పుడు, ఆడవాళ్ళ గడ్డం, కొండ వేర్లు, ఎలుగుబంటి నరాలు, చేప ఊపిరి, పక్షి ఉమ్మి కలిపి పేనిన తాడు. తోడేలుకు నమ్మకం కుదరడానికి టైర్ అనే యుద్ధదేవుడు దాని నోట్లో చెయ్యి పెడతాడు, ఆ చెయ్యి పోతుంది. ఆ మాటకు గదిలో కిక్కురుమనలేదు. ట్యూజ్‌డే అన్నది ఆ టైర్ పేరే అని చెబితే, ఐదో తరగతి బాబు లేచి "మనకు మంగళవారం కుజుడిది, కుజుడు కూడా యుద్ధానికే కదా టీచర్" అన్నాడు. రోమన్లు ఆ రోజును మార్స్ పేరుతో పిలిచారనీ, మార్స్ అంటే మన కుజ గ్రహమేననీ టీచర్ చెప్పారు. ఇంకో పాప, ఆ రూన్లలో సున్నాలా గుండ్రంగా ఒక్క అక్షరం కూడా లేదేంటి అని అడిగింది. తెలుగు మాస్టారు మర్నాడు తాటాకు, గోనెసంచి కుట్టే సూది తెచ్చారు. ఆకు పొడవునా గీత లాగితే చిరిగింది, గుండ్రంగా తిప్పితే నిలిచింది. మన అక్షరాలు గుండ్రం తిరగడానికి ఇదే కారణమంటారు. చెక్క మీద కత్తితో గుండ్రం తిప్పడం కష్టం కాబట్టి వాళ్ళవి గీతలు. పాఠ్యపుస్తకంలో ఈ పాఠం లేదు. లైబ్రరీ పీరియడ్ తీసేసి ఇంకో మ్యాథ్స్ పీరియడ్ పెట్టమని ప్రతి సంవత్సరం అడిగేవారికి నా జవాబు ఇదే. నేను ఉన్నంతకాలం ఆ పీరియడ్ ఉంటుంది.

ఇంకో రెండు మాటలు, మీరు ఏమీ అనుకోకపోతే. ఆ ఆటలో జట్టు యుద్ధాలు రాత్రి పదిన్నరకు మొదలవుతాయట. మొదటి పీరియడ్‌లో బెంచీ మీద తల వాల్చేవాళ్ళ లెక్క ఇప్పుడు అర్థమైంది. "మావాడు ఫోన్ లేనిదే ముద్ద మింగడు మేడం" అని నవ్వుతూ చెబుతున్నారు. నాకు నవ్వు రావడం లేదు. తొమ్మిదింటికి ఫోన్ మీ దగ్గర పెట్టుకోండి, మీరూ చూడకండి. అలాగే ఏదైనా అనుమానం వస్తే గ్రూపులో పెట్టేముందు నాకు ఒక్క ఫోన్ చేయండి.

మార్కుల కార్డులు శనివారం ఇస్తాం, రెండో టర్మ్ ఫీజు నెలాఖరులోపు కట్టాలి, బస్సు పది నిమిషాలు ముందు వస్తుంది, సంక్రాంతి సెలవుల తేదీలు డైరీలో ఉన్నాయి.

అదే శనివారం పదింటికి లైబ్రరీలో కథల గంట. తోడేలు కథ చెప్పేది ఆ ఏడో తరగతి బాబే. తనే వచ్చి అడిగాడు. మూడు రోజులుగా ఇంటర్వెల్‌లో గోడకేసి నిలబడి ప్రాక్టీసు చేస్తున్నాడు. "పక్షి ఉమ్మి" దగ్గర ఆగి, గొంతు తగ్గించి చెబుతాడు, చాలా బాగుంటుంది. మీ ఫోన్లు కూడా తెచ్చుకోండి. కథ అయ్యాక కంప్యూటర్ టీచర్ ఒక్కొక్కరికి ఆ సెట్టింగ్ పెట్టి ఇస్తారు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు