కథా విభాగం వార్షిక నివేదిక: దయ్యం అడగాలి, మనిషి చెప్పాలి

సభ్యులందరికీ నమస్కారం.

క్రోధి ఉగాది నుంచి విశ్వావసు ఉగాది దాకా మన సంఘం కథా విభాగం చేసిన పనుల నివేదిక ఇది. జమాఖర్చులు కోశాధికారి గారు సర్వసభ్య సమావేశంలో విడిగా చదువుతారు.

పోయిన ఉగాదికి కార్యవర్గం మమ్మల్ని ఒక్కటే అడిగింది. చదివే అలవాటు తప్పిన పెద్దవాళ్ళనీ, తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రాని పిల్లల్నీ ఒకే గదిలో కూచోబెట్టగలరా అని. ముగ్గుల పోటీకి వచ్చినంతమంది కథలకు రారని అందరికీ తెలుసు. అందుకని ఏడాది పొడుగునా ఒకే రకం కథలు పెట్టుకున్నాం. వాటిలో హత్య జరుగుతుంది గానీ నెత్తురు కనబడదు. ఆరా తీసేది మనలాంటి మామూలు మనిషి. మధ్యలో ఒక దయ్యం ఉంటుంది, అది నవ్విస్తుంది. ఇంగ్లీషులో వీటిని కోజీ మిస్టరీలు అంటారు. మా సభ్యురాలు ఒకావిడ మొదటిరోజే వీటికి ‘కాఫీ హత్యలు’ అని పేరు పెట్టారు, అదే నిలిచిపోయింది.

ప్రతి నెలా మొదటి ఆదివారం సాయంత్రం చెన్నై వడపళనిలో ఒక సభ్యుడి ఇంటి హాల్లో కలిశాం. డిసెంబరు 1న మాత్రం ఫెంగల్ తుఫాను వల్ల ఎవరూ గడప దాటలేకపోయారు. ఆ సమావేశం రద్దయింది.

డిటెక్టివ్ అంటే మా వయసువాళ్ళకు కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, అసిస్టెంట్ రాజు. ఆ నవలలు అద్దెకు తెచ్చుకుని లెక్కల పుస్తకంలో దాచి చదివినవాళ్ళు మాలో చాలామందే ఉన్నారు. కానీ యుగంధర్‌కు అదే వృత్తి. మేం వెతికింది వృత్తి కాని వాళ్ళని. అగాథా క్రిస్టీ 1930లో మిస్ మార్పుల్‌తో మొదటి నవల రాసింది. పల్లెటూళ్ళో ఊలు అల్లుకుంటూ కూచునే పెద్దావిడ, ఎవర్ని చూసినా తన ఊళ్ళో ఫలానా మనిషితో పోల్చుకుని గుట్టు లాగేస్తుంది. ఆ పరిచయం చదివి వినిపించగానే, మన వీధిలో ఇలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టడంలోనే ఆరోజు గడిచిపోయింది.

చిక్కంతా దయ్యంతో వచ్చింది. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు రచయిత డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. ఆయన క్యాథలిక్ ఫాదర్ కూడా. దయ్యాలకూ మానవాతీత శక్తులకూ కథలో చోటు లేదన్నది వాటిలో రెండో నియమం. ఆ తర్వాతి ఏడు లండన్‌లో మొదలైన డిటెక్షన్ క్లబ్బులో చేరేవాళ్ళయితే, దైవవాణినీ మంత్రతంత్రాలనూ నమ్ముకుని చిక్కుముడి విప్పబోమని ప్రమాణం చేసేవారు. సబబైన మాటే. చచ్చిపోయిన మనిషే వచ్చి హంతకుడి పేరు చెప్పేస్తే చదివేవాడికి ఇంకేం పని మిగులుతుంది?

మరి దయ్యాన్ని పెట్టి కూడా కథను నిలబెట్టినవాళ్ళు ఏం చేశారని చూశాం. దయ్యానికి కట్టుబాట్లు పెట్టారు. ఒక్కరికే కనబడుతుంది, లేదా ఇల్లు దాటి రాలేదు, లేదా తను పోయే ముందు ఆఖరి గంటలో ఏం జరిగిందో గుర్తుండదు. జులై సమావేశంలో ఈ చర్చ నడుస్తుండగా ఒకాయన, ఇందులో కొత్తేముంది, ఇది మన భేతాళుడే కదా అన్నారు. గదంతా ఒక్కసారి కదిలింది. 1947 జులైలో తెలుగు, తమిళాల్లో మొదలై, ఏళ్ళ తరబడి మన వడపళనిలోనే అచ్చయిన చందమామలో మేమంతా చదివింది అదే. అంతకు ముందు 11వ శతాబ్దంలో సోమదేవుడు కథాసరిత్సాగరంలో చెప్పిందీ అదే. శవంలోని భేతాళుడు కథ చెబుతాడు, ప్రశ్న వేస్తాడు, తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుందని బెదిరిస్తాడు. జవాబు మాత్రం విక్రమార్కుడే చెప్పాలి. ‘దయ్యం అడగాలి, మనిషి చెప్పాలి’ అని చార్టు మీద రాసి గోడకు అంటించాం. ఆ చార్టు ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆగస్టులో మేమే ఒక కథ రాయడం మొదలుపెట్టాం. ఉగాదికి దాన్ని నాటకంగా వేశాం. రానివాళ్ళ కోసం కాస్త వివరంగా చెబుతాను.

టీ నగర్‌లో ఒక పాత మేడ. ఇంటావిడ ఒంటరిగా ఉండే మామ్మగారు. మేడమెట్ల మీంచి పడి చనిపోతుంది, కాలు జారిందని అందరూ అనుకుంటారు. ఆవిడ దయ్యమై తిరిగొచ్చింది పగతో కాదు. యాభై ఏళ్ళు ఎక్కి దిగిన మెట్ల మీద తనకు కాలు జారిందని ఊరంతా అనుకుంటున్నందుకు కోపం. ఎవరు తోశారో ఆవిడ చూడలేదు, వీపు మీద చెయ్యి పడటం మాత్రమే తెలుసు. ఆవిడ మాట రోజూ గుమ్మంలోకి వచ్చే పూలావిడకు ఒక్కదానికే వినబడుతుంది. పూలావిడ మూర కొలుస్తుంటే, పోయాక కూడా, ఇంకో జానెడు వెయ్యమని గదమాయిస్తుంది. పూలావిడనే పరిశోధకురాలిగా ఎంచుకోవడానికి కారణముంది. ఆమె ఏ గుమ్మంలోనైనా నిలబడగలదు, ఆమె ముందు ఎవరూ మాట దాచుకోరు.

మొదటి ఆధారం మా సభ్యురాలి సొంత అనుభవం. ఆవిడ పెళ్ళయి కొత్తగా మద్రాసు వచ్చినప్పుడు, వచ్చీరాని తమిళంలో పక్కింటావిడతో కొంచెం పంచదార అవసరం అన్నారట. పక్కింటావిడ స్టవ్ మీద పాలు వదిలేసి పంచదార డబ్బాతో పరుగెత్తుకొచ్చిందట. మనకు అవసరం అంటే కావలసి రావడం. తమిళంలో అదే మాటకు తొందర, హడావిడి అని అర్థం. దాన్ని యథాతథంగా కథలో పెట్టాం. ‘ఏదో అవసరం ఉండి పైకెళ్ళినట్టుంది’ అంటాడు మామ్మగారి మేనల్లుడు. తమిళ కానిస్టేబులు, ఆవిడ హడావిడిగా మెట్లెక్కిందని రాసుకుంటాడు. హడావిడిలో కాలు జారింది, కేసు మూసేశారు. మేనల్లుడి అసలు మాట రెండు భాషలూ తెలిసిన పూలావిడ చెవిలోనే ఉండిపోతుంది. ఆరోజు ఆ ఇంటికే రాలేదన్న మనిషికి, మామ్మగారికి పైన అవసరం పడిందని ఎలా తెలిసింది? చెన్నైలో ఇన్నేళ్ళుగా రెండు భాషల మధ్య బతుకుతున్న మనకే దొరికే ఆధారం ఇది. నాకైతే కథ మొత్తంలో ఇదే ఎక్కువ ఇష్టం.

రెండోది కాఫీ ఫిల్టర్. పై గిన్నెలో పొడి ఎండిపోయి ఉంది కాబట్టి అది నిన్నటిది అని మొదట రాసుకున్నాం. డెబ్భై దాటిన మా సభ్యురాలు ఒకావిడ అది కుదరదన్నారు. కుదరదని ఊరుకోకుండా, వరసగా మూడు రోజులు పొద్దున ఆరింటికి డికాక్షన్ వేసి, పొడి పారెయ్యకుండా ఉంచి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి, మర్నాడు పొద్దున ఒకసారి చెంచాతో గీకి చూశారు. మర్నాటికి కూడా అడుగున తడి పోలేదు. ఒక కాగితం మీద రాసుకొచ్చి మాకు చూపించారు. తడిని బట్టి ఏమీ చెప్పలేం, ఎత్తు చూడండి అన్నారు. ఒక్కరికి వేసే పొడి వేరు, ఇద్దరికి వేసే పొడి వేరు. ఒంటరిగా ఉండే మామ్మగారి ఫిల్టర్లో ఆ ఉదయం ఇద్దరికి సరిపడా పొడి ఉంది. అంటే ఎవరో వస్తారని ఆవిడకు తెలుసు. వచ్చినవాడికి ఇవ్వడానికి వెండి గ్లాసు కోసం మేడ మీద బీరువా దగ్గరికి వెళ్ళింది. అవసరం అదే.

ముగింపు మూడుసార్లు మార్చాం. మొదట దయ్యం గ్లాసు విసిరితే మేనల్లుడు హడలిపోయి ఒప్పుకునేట్టు రాశాం. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉందని మురిసిపోయాం కూడా. పదిహేనేళ్ళ కుర్రాడు లేచి, “భయపడ్డవాడల్లా హంతకుడైతే నేనే మొదటి హంతకుణ్ణి” అన్నాడు. నిజమే. ఆ రంగం తీసేశాం. ఇప్పుడు మామ్మగారు ప్రశ్నలు మాత్రమే వేస్తుంది, పూలావిడ ఒక్కో ఆధారం చూపించి జవాబు చెబుతుంది.

మామ్మగారి వేషం ఎవరు కట్టారో చెప్పకపోతే ఈ నివేదిక పూర్తికాదు. మా సభ్యురాలు ఒకరికి పోయిన వేసవిలో భర్త పోయారు. చావు మీద నవ్వుకునే కథల దగ్గరికి ఆవిణ్ణి ఎలా పిలవాలా అని నేను చాలా టెన్షన్ పడ్డాను. అక్టోబరులో ఆవిడే వచ్చారు. “ఫ్యాను కట్టకుండా గదిలోంచి వస్తే ఆయన ఇప్పటికీ కేకలేస్తున్నట్టే ఉంటుందండీ, నేనూ ‘ఆ, కట్టేస్తున్నా’ అని పైకే అంటాను” అన్నారు. వేషం తనకే ఇమ్మని అడిగారు. జుట్టు విరబోసుకోలేదు, తెల్లచీర కట్టలేదు. రోజూ కట్టే నేతచీరలోనే స్టేజీ మీదికొచ్చి పూలావిణ్ణి గదమాయిస్తుంటే పిల్లలు పగలబడి నవ్వారు. పెద్దవాళ్ళు కొందరు నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

మార్చి 30న ప్రదర్శన సగంలో ఉండగా హాలు మైకు ఆగిపోయింది. వెనక వరసలవాళ్ళకు కీలకమైన సంభాషణ వినబడలేదు. వాళ్ళకు క్షమాపణలు. వచ్చేసారి మన సొంత స్పీకరు తీసుకెళ్తాం.

నిజంగా జరిగిన హత్యలు చర్చిద్దామని ఒక ప్రతిపాదన వచ్చింది. మన ఊళ్ళోనే 1952లో జరిగిన ఆళవందార్ కేసు ఉదాహరణగా చెప్పారు. ఒప్పుకోలేదు. అక్కడ పోయినవాడు నిజం మనిషి, ఆ ఇంటివాళ్ళ ఏడుపూ నిజమే. మనం అల్లుకున్న మామ్మగారితో నవ్వినట్టు అక్కడ నవ్వలేం. ఈ నిర్ణయాన్ని ఇకముందు కూడా పాటించాలని నా మనవి.

పిల్లల సంగతి. ఆధారాల చీటీలు తెలుగులో మాత్రమే రాసి ఇంటి నిండా దాచాం. చదవలేనివాడికి హంతకుడు దొరకడు. తాతయ్యల్ని, అమ్మమ్మల్ని బతిమాలుకుని చదివించుకున్నవాళ్ళు సంక్రాంతికల్లా కూడబలుక్కుని సొంతంగా చదివారు. ‘ఖ’ ఒత్తు పలకడం ఒక పాపకు ‘ఖూనీ’ అన్న మాటతో వచ్చింది.

పాత డిటెక్టివ్ నవలలు, చందమామ సంచికలు అటకల మీద ఉన్నవాళ్ళు దయచేసి మాకు ఇవ్వండి. అట్ట చిరిగినా ఫరవాలేదు, చివరి పేజీలు ఉంటే చాలు.

వచ్చే సమావేశం మే 4, ఆదివారం, సాయంత్రం ఐదింటికి, అదే ఇంట్లో. కొత్త కథ ఇస్త్రీ బండి దగ్గర మొదలవుతుంది. మొదటి భాగం ఆ పదిహేనేళ్ళ అబ్బాయే రాస్తున్నాడు. ఎవరు దయ్యమవుతారో ఇంకా తేలలేదు.

నమస్కారాలతో,
కార్యదర్శి, కథా విభాగం