చంటీ, కరెంటు బిల్లు గురించి కాదులే

చంటీ,

ఎలా ఉన్నావురా. నీ గొంతు విని ఇరవై రోజులయ్యింది. వాట్సాప్‌లో ఆ బొటనవేలు బొమ్మ పెడితే ఫోన్ చేసినట్టు కాదు. సరే పనుల్లో ఉంటావు, నేనేం అనట్లేదు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. గోదారికి ఎర్రనీళ్ళు వచ్చేసేయి, లంక తోటకి మళ్ళీ పడవ మీదే పోవాలి. మీ నాన్నకి మోకాలు అలాగే ఉంది, డాక్టరు దగ్గరికి పదమంటే రేపు అంటారు, ఆ రేపు ఉగాది నించీ నడుస్తోంది.

మొన్న కొబ్బరి దింపు తీయించేం. ఒలుపు కూలి మళ్ళీ పెంచేరు. కొబ్బరి డొక్కలు ఇదివరకు పొయ్యిలోకి అడిగినోళ్ళకి ఊరికే ఇచ్చేసేవాళ్ళం కదా, ఇప్పుడు ట్రాక్టరేసుకొచ్చి డబ్బులిచ్చి మరీ పట్టుకెళ్తున్నారు. పీచు తీసేసి మిగిలిన పొట్టు కడిగి ఆరబెట్టి ఇటుకల్లా నొక్కి కడియం నర్సరీలకీ ఇంకా ఎక్కడెక్కడికో పంపుతారంట. నీకు తెలియందేముందిలే. నీకు తెలుసని నాకూ తెలుసు, నువ్వు ఆ పొట్టు ఇటుకల కంపెనీ పెడుతున్నావనీ తెలుసు. బుజ్జి చెప్పలేదు, దాన్నేం అనకు.

అది బీరువాలో కరెంటు బిల్లుల కవరు కింద పోసుకుని ఫోటో తీస్తుంటే నేనే చూసేను. ఎందుకే అంటే అన్నయ్యకి ఏదో కేవైసీ అంది. కేవైసీకి నీ ఆధార్ కావాలి గానీ మన ఇంటి కరెంటు బిల్లు దేనికిరా? పైగా ఇంకో కాయితం నా చేత సంతకం పెట్టించమన్నావంట, ఫలానా ఇంట్లో ఆఫీసు పెట్టుకోడానికి నాకు అభ్యంతరం లేదు అని. ఇల్లు నా పేరు మీదుంది, మీటరు నా పేరు మీదుంది, సంతకం నాది, విషయం మాత్రం నాకు చెప్పకూడదు. పాతికేళ్ళ పైనే అయ్యింది నేను డ్వాక్రాలో లీడరుగా ఉండి. తీర్మానం పుస్తకం పైకి చదవకుండా ఒక్కళ్ళ చేతా వేలిముద్ర వేయించలేదు. నేను చదవకుండా సంతకం పెట్టేస్తానని ఎలా అనుకున్నావు?

సరే అది వదిలేయ్. తలకి నూనె పెట్టుకుంటున్నావా? ఆదివారం పెట్టిన ఫోటోలో కళ్ళ కింద నల్లగా ఉంది. మాగాయ జాడీలో తీసి ఉంచేను, ఎవరైనా హైదరాబాదు వచ్చేవాళ్ళుంటే పంపుతా. బయట తిండి తినకు, కనీసం చారన్నా కాచుకో.

మన గ్రూపు లెక్కలు చూసే ఆడిటర్ గారి దగ్గరికి వెళ్ళినప్పుడు ఎవరో వేరేవాళ్ళ అబ్బాయి సంగతిలా అడిగేను. ఆయన కళ్ళజోడు తీసి, మీ వాడు ఏం కంపెనీ పెడుతున్నాడమ్మా అన్నారు. ఏం చెప్పను, నవ్వేసేను. కూర్చోబెట్టి గంటసేపు చెప్పేరు పాపం. ప్రైవేట్ లిమిటెడ్ అంటే ఇద్దరు వాటాదార్లు, ఇద్దరు డైరెక్టర్లు ఉండాలంట. మూలధనం ఇంత ఉండాలని ఇదివరకు ఉండేదంట గానీ 2015లో తీసేసేరంట. ఎల్‌ఎల్‌పీ అని ఇంకోటి ఉంది, బాధ్యత పరిమితంగా ఉండే భాగస్వామ్యమంట, అందులో వ్యాపారం 40 లక్షలు దాటకపోతేనో, పెట్టుబడి 25 లక్షల్లోపు ఉంటేనో ఆడిట్ అక్కర్లేదంట. ఒక్కడే పెట్టుకునే కంపెనీ కూడా ఉందంట, నామినీగా ఒకళ్ళ పేరు ఇస్తే చాలు. ఈ మూడోది వినగానే నా ప్రాణం లేచొచ్చింది, నామినీగా నేనుంటాను కదా అని. అయినా నువ్వు ఆ భీమారం కుర్రాడితోనే పెడుతున్నావు, అవునా? కాదంటే చెప్పు.

ఆ అబ్బాయి మంచివాడే. సంక్రాంతికి వచ్చినప్పుడు చూసేను, అరిసెలు బాగా తిన్నాడు. నేను మనిషి గురించి అనట్లేదు. పెద్ద మావయ్య సంగతి నీకు ముక్కలు ముక్కలుగా తెలుసు, మొత్తం ఎప్పుడూ చెప్పలేదు. ఇంట్లో ఎవరం చెప్పుకోం.

1993లో మావయ్య, ఆ కోళ్ళఫారం ఆయనా కలిసి కాట్రేనికోన వైపు చెరువులు లీజుకి తీసుకున్నారు, టైగర్ రొయ్య. అప్పుడు ఎవరి నోట విన్నా అదే మాట, వరి చేలన్నీ తవ్వి చెరువులు చేసేస్తున్నారు. మావయ్య ఒక్కసారి కూడా గట్టు మీద పడుకున్నవాడు కాదు, డబ్బు పెట్టి ఊరుకున్నాడు, మొత్తం ఆ కోళ్ళఫారం ఆయనే చూసుకునేవాడు. స్టాంపు కాయితం మీద భాగస్వామ్యం రాసుకున్నారు, సగం సగం. మొదటి పంట బ్రహ్మాండం. మావయ్య బుల్లెట్ కొన్నాడు, అమ్మమ్మకి గద్వాల చీర తెచ్చేడు, దాని జరీ ఇప్పటికీ నల్లబడలేదు. రెండో పంటకి తెల్లమచ్చ వచ్చింది. 1994లో ఈ జిల్లాలన్నీ చుట్టేసింది కదా ఆ వైరస్. పొద్దున్న చెరువు దగ్గరికి వెళ్తే రొయ్యలు గట్టు పక్కకి వచ్చి తేలుతున్నాయంట, రెండు మూడ్రోజుల్లో చెరువు చెరువంతా పోయింది. పోతే పోయింది పెట్టిన డబ్బే కదా అనుకున్నాడు మావయ్య. నెలకి మేత డీలరు వచ్చేడు. ఆ కోళ్ళఫారం ఆయన ఫర్మ్ పేరు మీద సంతకాలు పెట్టి మేతా, మందులూ, డీజిలూ అన్నీ అప్పు మీద తెచ్చేడంట, మావయ్యకి ఒక్క బిల్లూ తెలీదు. ఆయనేమో రాత్రికి రాత్రి కుటుంబంతో సహా ఒరిస్సా పోయేడన్నారు. నేను సంతకం పెట్టలేదు కదండీ అన్నాడు మావయ్య. ఫర్మ్‌లో ఉన్నావు కదయ్యా అన్నాడు డీలరు. లాయరుని అడిగితే ఆయనా అదే అన్నాడు, 1932 నాటి చట్టమంట, భాగస్తుల్లో ఒకడు చేసిన అప్పు మొత్తం ఇంకొకడి దగ్గర వసూలు చేసుకోవచ్చంట, సగం కాదు, మొత్తం. లంకలో అరవై సెంట్ల తోట పోయింది. బుల్లెట్ పోయింది. నా కాసులపేరు తాకట్టు పెట్టేరు, నా పెళ్ళి ఏడాది వెనక్కెళ్ళింది. మీ నాన్నవాళ్ళు ఆగేరు కాబట్టి సరిపోయింది, లేకపోతే నువ్వు ఇవాళ నాకు చెప్పకుండా కంపెనీ పెట్టడానికి ఉండేవాడివే కాదు. ఆ తోట కొన్నాయనకీ కలిసిరాలేదనుకో, 1996 నవంబరు తుఫానులో చెట్లన్నీ నేలకొరిగేయి. మావయ్య మాత్రం రొయ్యల ఇగురు మానలేదు, ఇప్పటికీ రెండుసార్లు వడ్డించుకుంటాడు.

అందుకని నువ్వు లిమిటెడ్ అంటే నేను వద్దనను. వద్దంటానని దాచేవు చూడు, అక్కడే పొరపాటు పడ్డావు. మావయ్యకి ఆ రోజు అలాంటిది ఉండుంటే పెట్టిన వాటా వరకే పోయేది. కానీ ఒకటుంది, ఆడిటర్ గారు రెండుసార్లు చెప్పేరు. కంపెనీకి అప్పిచ్చేటప్పుడు బ్యాంకువాళ్ళు డైరెక్టర్ల చేత సొంత హామీ రాయించుకుంటారంట. అది రాసేక ఇంక లిమిటెడ్ ఎక్కడుంది, ఆ అప్పు మేరకి తలుపు తీసి పెట్టినట్టే. పేరు చివర రెండు ముక్కలు తగిలించుకున్నాం కదా అని ధీమాగా ఉండకు. ఏది ముందు పెట్టినా చదివి పెట్టు. ఇల్లు తనఖా అంటే నేను పెట్టను, ముందే చెప్తున్నా, తర్వాత అమ్మ అడ్డం పడింది అనుకోకు.

ఇంకా, వాటాలు సగం సగం పెట్టుకుంటే మాట తేడా వచ్చిన రోజు ఎవరి మాటా చెల్లదు. గ్రూపులో మేం పదిమందిమి, చాలాసార్లు ఎటో ఒకవైపు తేలేది, అయిదూ అయిదూ అయిన రోజు మాత్రం రాత్రి తొమ్మిదైనా ఇళ్ళకి వెళ్ళలేదు. ఆ డిజిటల్ సంతకం పెన్‌డ్రైవ్‌లా ఉంటుందంట కదా, అందరూ దాన్ని ఆడిటర్ ఆఫీసులో పడేసి వచ్చేస్తారంట. నువ్వు పడేయకు, సంతకం చేసిన ఖాళీ చెక్కు ఎవరి దగ్గరైనా వదుల్తావా? రిజిస్టర్ అయిన నెల్లోపు ఆడిటర్ని పెట్టుకోవాలి, 180 రోజుల్లోపు వాటా డబ్బు బ్యాంకులో వేసి వ్యాపారం మొదలెట్టేమని చెప్పాలి. ఒక్క ఇటుక అమ్మకపోయినా ఏటేటా కంపెనీల రిజిస్ట్రారు ఆఫీసుకి లెక్కలు పంపాలి. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకి వంద రూపాయలు. వందే కదా అనుకుంటావు, నీ సంగతి నాకు తెలుసు, లైబ్రరీ పుస్తకానికి కట్టిన ఫైను ఇంకా మర్చిపోలేదు నేను. వరసగా మూడేళ్ళు పంపకపోతే అయిదేళ్ళ దాకా ఏ కంపెనీలోనూ డైరెక్టరుగా ఉండనివ్వరంట.

లెక్చరు ఇవ్వకూడదనుకునే మొదలెట్టేను. సర్లే.

ఉద్యోగం మానేసేవా? ఇదొక్కటి నిజం చెప్పు. మానేస్తే తిడతానని కాదు, నాన్నకి ఎలా చెప్పాలో నేను ఆలోచించుకోవాలి కదా. పెద్దత్త కోడలు ఏదో అంటోంది, నేను వినిపించుకోనట్టు ఊరుకున్నా.

అసలు సంగతి, నువ్వు ఎంత దాచినా దాగేది కాదురా ఇది. కంపెనీ ఆఫీసు ఏ ఇంట్లో చూపిస్తే ఆ ఇంటి బయట కంపెనీ పేరూ అడ్రసూ రాసి బోర్డు పెట్టాలంట, చట్టంలోనే ఉందంట, అదీ ఊళ్ళోవాళ్ళు చదివే భాషలో కూడా ఉండాలంట. అంటే మన గేటు మీద తెలుగులో. పాలు పోయడానికి వచ్చేవాడి దగ్గర్నించి పెద్దత్త దాకా చదివేస్తారు, నేనొక్కదాన్నే కేవైసీ అనుకుంటూ కూర్చోవాలా? విజయవాడ రిజిస్ట్రారు ఆఫీసు నించి వచ్చే కవర్లు కూడా మన పోస్టుమ్యానే తెచ్చి నా చేతికే ఇస్తాడు.

బుజ్జి పంపిన బిల్లు చైత్ర మాసం నాటిది, రెండు నెలలు దాటింది పనికిరాదంట. ఈ నెలది మొన్నే తీసేరు, దాని ఫోటో పంపిస్తున్నా. సంతకం మాత్రం నువ్వొచ్చి, నా ఎదురుగా కూర్చుని ఆ కాయితం పైకి చదివేకే. ఆ అబ్బాయినీ తీసుకురా, అరిసెలు ఇప్పుడు చెయ్యను గానీ పూతరేకులు తెప్పిస్తా.

బోర్డు ఎంత పెద్దదో ఫోన్ చేసి చెప్పు. గేటు పక్కన మందారం కొమ్మ అడ్డం వస్తుంది, కొట్టించాలా పక్కకి కట్టాలా అని నాన్న అడుగుతున్నారు.

అమ్మ