ఆ రోజు నన్ను పక్కకు తోసేసిన అక్కకు

ఆ ఆదివారం సాయంత్రం స్విమ్మింగ్ పూల్ గట్టు మీద, నీట మునిగిన మా పాప దగ్గర నుంచి నన్ను రెండు చేతులా పక్కకు తోసి, "పొట్ట నొక్కకండి, లేవండి ముందు!" అని కసిరిన అక్కా, మీ పేరైనా అడగలేదు నేను. ఫోన్ నంబరు సంగతి సరేసరి. అంబులెన్స్ ఎక్కే హడావిడిలో మీకు కనీసం దండం పెట్టానో లేదో కూడా గుర్తులేదు. అందుకే ఇలా అందరి ముందూ రాస్తున్నాను. ఎవరో ఒకరి ద్వారా మీ దాకా వస్తుందని ఆశ.

ముందు అసలు విషయం. మా పాప బాగుంది. నిన్న హోంవర్క్ ఎగ్గొట్టడానికి కడుపునొప్పి నాటకం కూడా ఆడింది.

ఆ రోజు ఏం జరిగిందో మీరు వచ్చేసరికి సగం అయిపోయింది కాబట్టి మిగతా సగం చెప్తాను. పాప చేతులకు గాలి ఊదిన పట్టీలు తొడిగి నీళ్లలో దింపాను. అరగంట హాయిగా తేలింది. తేలుతున్నది పట్టీల వల్ల అని ఏడేళ్ల పిల్లకేం తెలుసు, తనకు ఈత వచ్చేసిందనుకుంది. బిగుతుగా ఉన్నాయని వాటిని తీసి గట్టు మీద పెట్టి, మళ్లీ దిగింది. అవి ప్రాణాలు కాపాడే సాధనాలు కావని వాటి మీదే చిన్న అక్షరాల్లో రాసి ఉంది. నేను చదివింది ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక.

ఫోన్ చూస్తూ కూర్చున్నాడేమో అనుకుంటారు. చూశాను, అబద్ధం చెప్పను. కానీ అంతకన్నా సిగ్గుపడాల్సిన సంగతి ఇంకోటుంది. చివర్లో నేను పాపవైపే చూస్తున్నాను. తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి, నిటారుగా నిలబడ్డట్టు ఉంది. జుట్టు కళ్ల మీదికి అంటుకుపోయినా తీసుకోవడం లేదు. రెండు చేతులతో నీళ్లను కిందికి అదుముతోంది, కనిపించని నిచ్చెన ఎక్కుతున్నట్టు. ఏదో ఆట ఆడుతోందనుకుని నవ్వాను కూడా.

అప్పుడే పక్కన క్లాసు కోసం నిలబడ్డ అబ్బాయి, పద్నాలుగేళ్లుంటాయేమో, అన్నాడు: "అంకుల్, ఆ పాప ఈదట్లేదు."

మునిగిపోయేవాళ్లు కేకలు పెడతారని, చేతులు ఊపుతారని అప్పటిదాకా నా నమ్మకం. అది తప్పని తర్వాత తెలిసింది. నోరు నీటిపైకి వచ్చే ఆ క్షణంలో గాలి వదిలి మళ్లీ పీల్చుకోవడానికే సమయం చాలదట, ఇక అరిచేదెక్కడ? చేతులు కూడా వాళ్ల మాట వినవు, వాటంతట అవే నీటిని కిందికి నొక్కుతుంటాయి. పూర్తిగా మునిగిపోయే ముందు ఈ స్థితి సాధారణంగా 20 నుంచి 60 సెకన్లు, అంతే. అందులో కొన్ని సెకన్లు నేను నవ్వుతూ పోగొట్టాను.

బాబూ, నీకు రెండు కృతజ్ఞతలు. ఒకటి, కనిపెట్టినందుకు. రెండోది, దూకనందుకు. ఆ రోజు ఆ హడావిడిలో కూడా "నువ్వెందుకు దూకలేదు" అని ఎవరో నిన్ను అడగడం విన్నాను. నాకు బాధేసింది. మునిగేవాళ్లు దగ్గరికొచ్చినవాళ్ల మెడ పట్టుకుని వాళ్లనూ లోపలికి లాగేస్తారు. ముందు కేకెయ్యాలి, అందితే కర్ర చాపాలి, తేలే వస్తువేదైనా విసరాలి. నీళ్లలోకి దిగడం నేర్చుకున్నవాళ్ల పని. నువ్వు సరిగ్గా అదే చేశావు. ఒక్క కేకతో కోచ్‌ను పిలిచి, ఆయన దూకేలోపే పొడవాటి కర్ర తెచ్చి పట్టుకున్నావు. ఎవరేమన్నా పట్టించుకోకు.

కోచ్ గారూ, చెప్పులతోనే దూకారు మీరు. ఒకటి ఇప్పటికీ దొరికినట్టు లేదు.

ఇక ఆ తర్వాత జరిగిందే నన్ను రాత్రుళ్లు నిద్రపోనివ్వదు. గట్టు మీద పడుకోబెట్టిన పాపను చూసి నేను మొదట చేసిన పని, కాళ్లు పట్టుకుని తలకిందులుగా ఎత్తబోవడం. ఎవరో ఆపితే పొట్ట నొక్కడం మొదలుపెట్టాను. నీళ్లు కక్కిస్తే బతుకుతుందని చిన్నప్పటి నుంచీ విన్నదే కదా! అక్కా, మీరు రాకపోయుంటే ఎంతసేపు నొక్కేవాణ్ణో.

మీరు మోకాళ్ల మీద కూర్చుని, బొటనవేలితో పాప పెదాల మీది జుట్టు తప్పించారు. నుదురు వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి ఊదారు. మొదటిసారి ఛాతీ లేవలేదు. గడ్డం ఇంకొంచెం ఎత్తి మళ్లీ ఊదారు. ఈసారి తడి గౌను చిన్నగా లేచి దిగింది. ఆ లేవడం చూశాక నాకు కాళ్లలో సత్తువ పోయి అక్కడే కూలబడ్డాను. అయిదోసారికి దగ్గింది, కక్కుకుంది. వెంటనే పక్కకు తిప్పి, మూతి తుడిచి, మీ నీలం రంగు తువ్వాలు కప్పారు. డాక్టరా అని ఎవరో అడిగితే, "కాదండీ, ఆఫీసులో ఒక పూట ట్రైనింగ్ ఇచ్చారు" అన్నారు మీరు.

ఒక పూట!

ఆసుపత్రిలో డాక్టర్ గారు వివరంగా చెప్పారు. నీట మునిగినవాళ్లకు ముందు అందనిది ఆక్సిజన్, గుండె ఆగేది ఆ తర్వాత. అందుకే ఇక్కడ మొదట గాలి ఊదాలి. పాప గుండె ఇంకా కొట్టుకుంటోంది కాబట్టి మీరు ఊదిన ఊపిరే సరిపోయింది. ఊపిరితిత్తుల్లోకి వెళ్లేది చాలాసార్లు కొద్ది నీళ్లే, పొట్ట నొక్కితే అవి బయటికి రావు. పొట్టలో ఉన్నవి పైకొచ్చి శ్వాసనాళానికి అడ్డం పడతాయి. అంటే నేను కాపాడుతున్నాననుకుని చేసింది అదీ.

లేచి కూర్చుంది కదా, ఇంటికెళ్లిపోదామన్నాను. "దగ్గు పెరగొచ్చు, ఆయాసం రావచ్చు, మత్తుగా ఉండొచ్చు, కొన్ని గంటలు చూడాల్సిందే" అని రాత్రంతా ఉంచారు. ఈలోపు బంధువుల వాట్సాప్‌లో 'డ్రై డ్రౌనింగ్' అంటూ, అంటే నీళ్లలోంచి బయటపడి బాగానే ఉన్న పిల్లలు కూడా తర్వాత హఠాత్తుగా పోతారంటూ, భయపెట్టే మెసేజీలు. డాక్టర్ గారికి చూపిస్తే అది అసలు వైద్యంలో వాడే పదమే కాదని, ఫోన్ పక్కన పెట్టి పాపను చూసుకోమని చెప్పారు. ఆ మాట మరీ సూటిగా తగిలింది.

పోయిన నెల నేనూ ఒక పూట ట్రైనింగ్‌కి వెళ్లాను. గుండె కూడా ఆగితే అయిదు ఊపిరుల తర్వాత ఛాతీ మీద, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో, 30 నొక్కులు, ఆపై 2 ఊపిరులు, ఇలా మార్చి మార్చి. బొమ్మ మీద రెండు నిమిషాలు చేసేసరికి చెమటలు కారాయి. అక్కడే ఒక తమాషా సంగతి విన్నాను. 1767లో ఆమ్‌స్టర్‌డామ్‌లో నీట మునిగినవాళ్లను బతికించడానికి ఒక సంఘం పెట్టారు. నోటితో గాలి ఊదమని అప్పుడే చెప్పారు. దాంతోపాటు పొగాకు పొగను మలద్వారం గుండా లోపలికి ఊదమని కూడా చెప్పారట! పొట్ట నొక్కిన నేను వాళ్లను చూసి నవ్వే హక్కు లేదులెండి.

నలభై దాటాక ఈత కూడా నేర్చుకుంటున్నాను. మొదటి వారమంతా వెల్లకిలా తేలడమే. చెవులు నీళ్లలో మునిగితే భయమేసి తల ఎత్తేవాణ్ణి, ఎత్తగానే కాళ్లు మునిగేవి. పాప రెండు నెలలు నీళ్ల దగ్గరికి రానంది. ఇప్పుడు వస్తోంది, చెయ్యి చాపితే అందేంత దూరంలో నేనుంటేనే. ఫోన్ బ్యాగులో.

అక్కా, మీ తువ్వాలు మా ఇంట్లోనే ఉండిపోయింది. ఉతికి మడతపెట్టి ఉంచాం. ఎక్కడికి తెమ్మంటే అక్కడికి తెస్తాను, పాపను కూడా తీసుకొస్తాను.